కుక్కలున్న ఇంట్లో లాన్ పని: మలం ఎవరు తీయాలి?

మీరు అడిగింది ఇదండీ. హైదరాబాద్‌లో ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకుని గార్డెన్ మెయింటెనెన్స్ మొదలుపెట్టారు. ఒక విల్లాలో రెండు లాబ్రడార్లు ఉన్నాయి. వారానికోసారి లాన్ కటింగ్‌కి వెళ్లేసరికి గడ్డి నిండా వాటి పెంటే. మొన్న మెషిన్ దాని మీదుగా పోయింది. కుర్రాడు ఇక ఆ ఇంటికి రానంటున్నాడు. ఆ ఇంటి మేడమ్‌గారేమో "తోట పనంటే అదీ కలిపే కదా" అంటున్నారు. తీయాల్సింది ఎవరు, తీస్తే ఎలా తీయాలి, ఆ ఇల్లు వదిలేసుకోవాలా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. గడ్డి మీద మలం ఉండగా మెషిన్ స్టార్ట్ చేయొద్దు. తీసే బాధ్యత కుక్కను పెంచుకునేవాళ్లది. వాళ్లకి వీలుకాక మిమ్మల్ని తీయమంటే, మీరు ఒప్పుకుంటే, దానికి విడిగా డబ్బు, విడిగా సామాను ఉండాలి. లాన్ కటింగ్ రేటులో దాన్ని కలపకండి. మీ కుర్రాడు రానన్నాడంటే అతని మీద కోపం తెచ్చుకోకండి, అతను అన్నది న్యాయం.

నేను కడియం నర్సరీల్లో పని నేర్చుకుని హైదరాబాద్ వచ్చినవాణ్ణి. ఇప్పుడు సైనిక్‌పురి, కొంపల్లి, తెల్లాపూర్ వైపు ఇళ్ల తోటలు చూస్తున్నాం. వాటిలో చాలా ఇళ్లలో కుక్కలున్నాయి. ఈ సమస్య రాని వారం మాకు ఉండదు కాబట్టి వివరంగా రాస్తున్నా.

మెషిన్ ఎందుకు పెట్టకూడదో ముందు చెప్తా. లాన్ మూవర్ బ్లేడు నిమిషానికి దాదాపు మూడు వేల సార్లు తిరుగుతుంది. మలం ముద్ద దాని కింద పడితే ముక్కలు ముక్కలై గడ్డంతా పరుచుకుంటుంది. కొంత మెషిన్ కడుపులో అతుక్కుంటుంది, కొంత గడ్డి బుట్టలోకి పోతుంది. అప్పటిదాకా ఒక్క చోట ఉన్నదాన్ని ఇక ఎవరూ ఏరలేరు. ఆ బుట్టలోని గడ్డి కంపోస్టు గుంతకి వెళ్తే అదీ పాడైనట్టే. బ్రష్ కట్టర్ ఇంకా ప్రమాదం. నైలాన్ తీగ తగిలిందల్లా కాళ్ల మీదికి, మొహం మీదికి చిమ్ముతుంది. ఒక ఇంట్లో మా కుర్రాడు గోడ అంచున గడ్డి కొడుతుంటే పొద కింద ఉన్నది ఎగిరి అతని పెదాల మీద పడింది. కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి కళ్లు బతికాయి. ఇంటాయన బయటికొచ్చి చూసి చాలా బాధపడ్డారు, తనే సబ్బు, తువ్వాలు తెచ్చిచ్చారు. అప్పటినుంచి ఆ ఇంట్లో మేం వెళ్లేసరికి లాన్ శుభ్రంగా ఉంటోంది. చాలామంది యజమానులకి చెడు ఉద్దేశం ఉండదు. మన పని ఎలా జరుగుతుందో వాళ్లు దగ్గరగా చూసి ఉండరు, అంతే. అందుకే నోరు తెరిచి చెప్పాలి.

ఇక ఆరోగ్యం. ఇది కాస్త వివరంగా తెలుసుకోండి, ఎందుకంటే క్లయింటుకి కారణం చెప్పగలిగితేనే మాట నిలబడుతుంది.

కుక్క పేగుల్లో ఉండే ఏలికపాముల గుడ్లు మలంతో బయటికి వస్తాయి. తాజా మలంలో ఉన్నప్పుడు ఆ గుడ్లకి మనకి జబ్బు తెచ్చే శక్తి ఉండదు. మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు ఉంటే గానీ అవి ఆ దశకి రావు. కానీ ఒకసారి వచ్చాక నెలలు, ఏళ్ల తరబడి మట్టిలో బతికే ఉంటాయి. చేతి నుంచి నోట్లోకి పోతే లోపల పిల్లలై కాలేయం, ఊపిరితిత్తులు, అరుదుగా కంటిదాకా వెళ్తాయి. మట్టిలో ఆడుకునే చిన్నపిల్లలకే ఈ ముప్పు ఎక్కువ. కొంకిపురుగులది వేరే దారి. వాటి గుడ్లు తడి మట్టిలో పొదిగి, వారం పది రోజుల్లో చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోగల పిల్లలవుతాయి. ఒట్టి కాళ్లతోనో, అరిగిపోయిన హవాయి చెప్పులతోనో నడిస్తే చాలు. మా దగ్గర పనిచేసే ఒకాయనకి పాదం పక్కన ఎర్రగా, వంకరటింకరగా ఒక గీత వచ్చింది. రాత్రిళ్లు నిద్రపట్టనంత దురద. ఆ గీత రోజుకింత ముందుకి జరుగుతూ పోయింది. తామర అనుకుని మందుల షాపులో ఏదో ట్యూబు కొని రాసుకున్నాడు, తగ్గలేదు. స్కిన్ డాక్టర్ గీతని చూసి ఇది జంతువుల కొంకిపురుగు అని చెప్పి నోటి మాత్రలు ఇచ్చారు, తగ్గిపోయింది. మీ కుర్రాళ్లకి అలాంటి గీత కనబడితే ట్యూబులు రాయించకుండా డాక్టర్ దగ్గరికి పంపండి.

దీన్నిబట్టి మీకొక సంగతి అర్థమవుతుంది. మలం రెండు మూడు రోజులకోసారి తీసేస్తే ఈ పురుగులకి ఎదిగే సమయమే దొరకదు. వారం దాకా ఉంచి మేం వచ్చే రోజే తీయడం కనీసం మాత్రమే. వర్షాకాలంలో అయితే అది కూడా చాలదు. ముద్ద కరిగి మట్టిలో కలిసిపోయాక తీయడానికి ఏమీ మిగలదు, గుడ్లు మాత్రం అక్కడే ఉంటాయి. క్లయింటుకి నేను చెప్పే మాట ఇది: మీ మనవలు ఈ గడ్డి మీదే ఆడతారు, మా కోసం కాదు, వాళ్ల కోసం రోజూ తీయించండి, కుక్కకి పశువైద్యుడు చెప్పిన ప్రకారం పురుగుల మందు వేయించండి. ఈ మాట వినని ఇల్లు తక్కువ.

కుర్రాళ్లకి ఇంకో భయం ఉంటుంది, మలం తగిలితే రేబిస్ వస్తుందేమోనని. రాదు. అది లాలాజలంతో, కాటు వల్ల, గీరుడు వల్ల వచ్చేది. కాబట్టి కుక్కని కట్టేయాలన్న షరతు మాత్రం మలం సంగతికన్నా గట్టిగా పెట్టండి. కరిస్తే సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, టీకాలు వేసిన కుక్కే అని యజమాని ఎంత చెప్పినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తీయాల్సి వస్తే ఎలా తీయాలి. మెషిన్ బండిలోంచి దించకముందే లాన్ మొత్తం ఒక రౌండ్ నడవండి. గడ్డి మీదే కాదు, పొదల మొదళ్లు, గోడ మూలలు, కుండీల వెనక కూడా చూడాలి. కుక్కలు అంచులకే ఎక్కువ పోతాయి, బ్రష్ కట్టర్ తిరిగేదీ అక్కడే. కనబడిన చోటల్లా చిన్న పుల్ల గుచ్చుకుంటూ వెళ్తే తీసేవాడు ఏదీ వదలడు. తీయడానికి పొడుగు కర్ర ఉన్న స్కూపర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లేదంటే రేకు చేట, చిన్న దంతె చాలు. ఎండిపోయింది తేలిగ్గా వస్తుంది. మెత్తగా ఉన్నదాన్ని గీకితే గడ్డి దుబ్బుల్లోకి దిగిపోతుంది, కొరియన్ గ్రాస్ లాంటి ఒత్తు గడ్డిలో మరీను. దాని మీద ఒక గుప్పెడు పొడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) గానీ, పొడి మట్టి గానీ చల్లి పది నిమిషాలు వేరే పని చూసుకోండి. తడి పీల్చుకుని ముద్దగా లేస్తుంది. ఆ చోట మిగిలిన మరకని మగ్గుడు నీళ్లతో కడిగేయొచ్చు.

పైపు పెట్టి కొట్టడం మాత్రం వద్దు. చాలామంది వాచ్‌మన్లు ఇదే చేస్తారు. నీళ్ల ధారకి అది పలచబడి లాన్ అంతా పారుతుంది. మన ఇళ్లలో సంపు మూత చాలాసార్లు తోటలోనో, పోర్టికో పక్కనో నేలమట్టానికే ఉంటుంది. ఆ నీళ్లు మూత సందుల్లోంచి సంపులోకి దిగితే ఇంటిల్లిపాదీ వాడుకునే నీళ్లు పాడైపోతాయి. ఇంకుడు గుంత వైపు పోయినా మంచిది కాదు. కొత్త ఇంటికి వెళ్తే నేను ముందు సంపు ఎక్కడుందో, వాలు ఎటుందో చూసుకుంటాను.

తీసినదాన్ని ఎక్కడ వేయాలన్నది అందరూ తడబడే చోటు. ఆకుల సంచిలో వేయొద్దు, అది కంపోస్టుకి పోతుంది. పేడలాగే ఇదీ ఎరువే కదా అని మొక్కల మొదట్లో పూడ్చమనేవాళ్లున్నారు. ఆవు, గేదె గడ్డి తింటాయి. కుక్కేమో మాంసం తింటుంది, దాని పేగుల్లోని పురుగులు, సూక్ష్మజీవులు మనిషికి అంటుకునేవి. ఇంటి పెరట్లో వేసుకునే కంపోస్టు గుంత ఆ గుడ్లని చంపేంత వేడి ఎక్కి, అన్ని రోజులు నిలబడదు. ఆకుకూరల మళ్లు, టమాటా, కరివేపాకు దగ్గరికి అసలు రానివ్వొద్దు. మేం చేసేది: పాత పేపర్లో చుట్టి, కవర్లో ముడేసి, ఆ ఇంటి చెత్తడబ్బాలోనే, తడి చెత్తలో కలవకుండా వేయడం. మన బండిలో వేసుకుని ఇంకో చోటికి మోసుకెళ్లొద్దు. వీలున్న ఇళ్లలో కవరు లేకుండా ఒట్టి మలాన్ని బయటి టాయిలెట్‌లో వేసి నీళ్లు కొట్టేస్తారు, అదీ మంచి పద్ధతే. స్థలం పెద్దదైతే బోరుకి, సంపుకి, కూరగాయలకి దూరంగా మూతున్న ఒక గుంత తీసుకోవచ్చు. నల్లరేగడి నేలల్లో వానాకాలం నీళ్లు ఇంకక ఆ గుంత నిండి పొంగుతుంది, అలాంటిచోట పెట్టించకండి.

ఆ ఇంటి స్కూపర్ ఆ ఇంట్లోనే ఉండాలి. దీనికి కారణం మనుషులు కాదు, కుక్కలు. పార్వో అని కుక్కలకి రక్త విరేచనాలు తెచ్చే వైరస్ ఒకటుంది. అది సోకిన కుక్క మలం నుంచి నేలలోకి చేరి నెలల తరబడి బతుకుతుంది. మన బూట్ల అడుగున, మెషిన్ చక్రాలకి అంటుకుని పక్క కాలనీలోని కుక్కపిల్ల దాకా పోగలదు. టీకాలు పూర్తికాని కుక్కపిల్లకి అది ప్రాణం తీసే జబ్బు. రోజుకి మూడు నాలుగు ఇళ్లు తిరిగే మనమే దాన్ని మోసేవాళ్లం అవుతాం. కుక్కకి రక్తంతో విరేచనాలు అవుతున్నాయనో, పార్వో అనో తెలిస్తే ఆ ఇంటి పని రోజులో చివరికి పెట్టుకోండి. పని అయ్యాక బూట్లు, చక్రాలు ముందు మట్టి పోయేలా కడిగి, తర్వాత ఒక పాలు బ్లీచ్‌కి 30 పాళ్ల నీళ్లు కలిపి 10 నిమిషాలు తడిగా ఉంచండి. మట్టి పోకుండా బ్లీచ్ పోస్తే పనిచేయదు. ఫినాయిల్‌ని దీనికి నమ్ముకోవద్దు.

కుర్రాళ్లకి గమ్‌బూట్లు, రబ్బరు గ్లవ్స్ మీ డబ్బుతో కొనిపెట్టండి. ఎండాకాలం గమ్‌బూట్లు వేసుకోరు, కాళ్లు ఉడికిపోతాయి. అప్పుడు మందపాటి అడుగున్న మూసిన బూట్లు ఏవైనా సరే, చెప్పులు మాత్రం కుదరదని చెప్పండి. అన్నిటికన్నా ముఖ్యం చేతులు. మనవాళ్లలో చాలామందికి ఖైనీ అలవాటు. అరచేతిలో నలిపి నేరుగా పెదవి కింద పెట్టుకుంటారు. చెట్టు కింద కూర్చుని చేత్తో అన్నం తింటారు. మట్టిలో ఉన్నది నోట్లోకి పోవడానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు. కొత్త ఇల్లు ఒప్పుకునేటప్పుడే బయట కుళాయి, ఒక సబ్బు మా వాళ్లకి అందుబాటులో ఉండాలని అడుగుతాను. దానికి కూడా ఆలోచించే ఇంటికి నేను వెళ్లను.

ఇప్పుడు డబ్బు, దానికన్నా పెద్దదైన ఇంకో సంగతి. మేం ఈ పనికి విజిట్‌కి వంద నుంచి రెండు వందల దాకా తీసుకుంటాం, కుక్కల సంఖ్యనీ లాన్ సైజునీ బట్టి. అందులో ఎక్కువ భాగం ఆ రోజు తీసినవాడి చేతికే ఇస్తాను. తీయమని ఎవరికీ ఆర్డర్ వేయను, అడుగుతాను. వద్దంటే వద్దు, అందుకని అతని కూలీ తగ్గదు. మన దగ్గర మలం ఎత్తే పనిని తరతరాలుగా కొందరి మీద రుద్దారు. మనుషుల మలాన్ని చేత్తో ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించింది, చేయిస్తే జైలు శిక్ష ఉంది. కుక్క మలం ఆ చట్టం కిందికి రాకపోవచ్చు. కానీ సైటు మీద ఏం జరుగుతుందో నేను చూశాను. ముగ్గురు పనివాళ్లుంటే ఎవరి కులం "తక్కువ" అనుకుంటారో, ఎవడు కొత్తగా చేరాడో వాడికే చేట చేతికిస్తారు. మిగతావాళ్లు దూరంగా నిలబడతారు. మీ టీమ్‌లో అది మొదలవకముందే ఆపండి. ఒప్పుకున్నవాళ్లు వంతులేసుకోవాలి, ఆ వంతుల్లో మీరూ ఉండాలి. నేను సైటు మీద ఉంటే స్కూపర్ నేనే పట్టుకుంటాను. మేస్త్రీ పట్టుకున్న సామానుని మిగతావాళ్లు చిన్నచూపు చూడరు.

"మా పనమ్మాయితో తీయిస్తాలెండి" అనే క్లయింట్లు కూడా ఉంటారు. ఆవిడ జీతం విషయంలో మనకి మాట్లాడే హక్కు లేదు. కానీ స్కూపరూ గ్లవ్సూ ఏవి కొనాలో చెప్పి, అవి ఆవిడకి కూడా ఇవ్వమని అడగడంలో తప్పులేదు. నేను అడుగుతాను.

మేడమ్‌గారి మాటకి జవాబు. ఎండుటాకులు, కలుపు, రాలిన పూలు తోట నుంచి వచ్చినవి, అవన్నీ మన పనే. కుక్క మలం తోట నుంచి వచ్చింది కాదు. సింక్ బాగుచేయడానికి వచ్చిన ప్లంబర్‌ని అందులోని గిన్నెలు తోమమని ఎవరూ అడగరు. ఇది గొడవలా కాకుండా, పని ముందురోజు వాట్సాప్‌లో పెట్టండి. నేను పంపేది దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్తే మేడమ్. రేపు పొద్దున 8కి లాన్ కటింగ్‌కి వస్తున్నాం. అప్పటికి గడ్డి మీద, మొక్కల కింద కుక్కల మలం తీయించి ఉంచండి. మేం ఉన్నంతసేపు కుక్కల్ని లోపల కట్టేయండి. తీయకుండా ఉన్న భాగంలో మెషిన్ పెట్టలేం, అది వదిలి మిగతా పని చేసి వస్తాం. మమ్మల్నే తీయమంటే 150 అదనం అవుతుంది, ముందే చెప్తే సామాను తెచ్చుకుంటాం."

ప్రతిసారీ పంపండి, విసుగు పడకండి. కొత్త క్లయింట్లకైతే ఇవే మాటలు మొదటి కొటేషన్‌లోనే రాయండి. కుక్కలున్నాయా, ఎన్ని, తోటలో వదులుతారా అని సైటు చూసే రోజే అడగాలి. రేటు ఒప్పుకున్నాక అడిగితే బేరం అనిపిస్తుంది.

మీరు తోట తెలిసినవాళ్లు కాబట్టి ఇంకో పని చేసిపెట్టొచ్చు. లాన్‌కి దూరంగా ఒక మూల ఆరడుగుల చదరం తీసి, అడుగున కంకర, పైన నాలుగంగుళాలు ఇసుక వేసి ఇటుకల అంచు కట్టండి. చాటుకి అరెకా పామ్ వరస పెడితే బాగుంటుంది, అది కుక్కలకి హాని చేయదు. గన్నేరు, సైకస్ మాత్రం పెట్టకండి, రెండూ విషం. పొద్దున్నే, తిండి తిన్న తర్వాత పట్టీ వేసి అక్కడికే తీసుకెళ్లమనండి. మొదట్లో దాని మలమే కొంచెం అక్కడ వదిలితే వాసనకి అలవాటు పడుతుంది. కొన్ని వారాలు ఇంట్లోవాళ్లు ఓపిక పట్టాలి. సైనిక్‌పురిలో వంగలేని పెద్ద దంపతులకి ఇలాగే కట్టిచ్చాం. ఇప్పుడు కుక్క అక్కడికే పోతుంది, ఆయన కుర్చీలో కూర్చునే పొడుగు స్కూపర్‌తో తీసేస్తున్నారు.

గడ్డి మీద గుండ్రంగా పసుపు మచ్చలు, చుట్టూ ముదురాకుపచ్చ వలయం కనిపిస్తే అది మూత్రంలోని నత్రజని ఎక్కువై మాడిన గడ్డి, మీ మందుల తప్పు కాదు. కుక్క పోసిన వెంటనే ఆ చోట బకెట్ నీళ్లు పోయించండి. ఇది క్లయింటుకి ముందే చెప్పి ఉంచకపోతే నింద మీ మీదికే వస్తుంది. కుక్కలున్న తోటలో ఆముదం పిండి ఎరువుగా వేయొద్దు. వాసనకి వచ్చి తింటాయి, అందులోని విషానికి చనిపోవచ్చు. వేపపిండి వాడుకోండి. ఎముకల పొడి వేస్తే మళ్లు తవ్విపోస్తాయి.

ఇక ఆ ఇల్లు వదలాలా అన్నారు. ఇప్పుడే వద్దు. మెసేజ్ పెట్టి రెండు విజిట్లు చూడండి. మలం ఉన్నచోట గడ్డి కోయకుండా వదిలేసి, ఫొటో తీసి పంపి రండి. మిగతా పని మాత్రం ఎప్పటికన్నా శుభ్రంగా చేయండి. సగం కోసిన లాన్ చూశాక చాలామంది దారికొస్తారు. మూడోసారి కూడా అలాగే ఉండి, అదనం ఇవ్వనని, తీయననీ అంటే నెలాఖరుకి మానేస్తున్నామని మర్యాదగా చెప్పి లెక్క తేల్చుకోండి. మేం అలా ఒక పెద్ద ఇల్లు వదిలాం, నెలకి మంచి డబ్బొచ్చే ఇల్లే. పని తెలిసిన కుర్రాడు వెళ్లిపోతే వెంటనే ఇంకొకడు దొరకడు, ఇళ్లు మాత్రం దొరుకుతూనే ఉంటాయి. ఈలోపు మీ కుర్రాడికి ఇవాళే ఫోన్ చేసి, తీయకుండా ఉన్న గడ్డి మీద మెషిన్ పెట్టమని ఇక అడగనని చెప్పండి.